మేస్త్రి తీసిన తరుగు

ఆ వీధిలో కాటాలు బాగుచేసే కొట్టు ఒక్కటే. ఎనిమిదడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల లోతు. లోపలి గోడకి ఆనించి రాతిపలక పరిచిన బల్ల ఉంటుంది. దాని మీద రసమట్టం పెడితే లోపలి బుడగ నడిమధ్యన కూర్చుని ఇటూ అటూ కదలదు. పక్కనే కిటికీ ఉంది కానీ పని జరుగుతున్నంతసేపూ మూసే ఉంటుంది. చిన్న గాలి తగిలినా తక్కెడ అబద్ధమాడుతుందని మేస్త్రి నమ్మకం. ఎండాకాలంలో లోపలికి అడుగుపెట్టినవాళ్ళు, "మేస్త్రీ, నీ కాటాలు బాగుండాలని మమ్మల్ని ఉడకబెడతావా?" అని విసుక్కునేవాళ్ళు. "ఉడికితే బరువు తగ్గుతారు, మంచిదేగా" అనేవాడు మేస్త్రి, తల ఎత్తకుండా.

వీధంతా అతన్ని మూడుసార్ల మేస్త్రి అంటుంది. మందుల కొట్టువాళ్ళ బుల్లి తక్కెడైనా, పసిపిల్లల్ని తూచే ఆస్పత్రి కాటా అయినా, బస్తాలు తూచే పెద్ద కాటా అయినా మూడుసార్లు తూచనిదే అతను నోరు విప్పడు. ఎందుకయ్యా అంటే ఒకటే మాట. "మొదటిసారి కాటా సిగ్గుపడుతుంది. రెండోసారి గొప్పలు పోతుంది. మూడోసారికి విసుగెత్తి నిజం చెప్పేస్తుంది." మఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో అతని ఇత్తడి తూనికరాళ్ళుంటాయి. చిన్నవాటిని పట్టకారుతోనూ పెద్దవాటిని గుడ్డతోనూ తీస్తాడు తప్ప చేత్తో ముట్టుకోడు. చేతి చెమట కూడా బరువే కదా.

పాత ఇనుము కొనే వ్యాపారి ఒకడు ఓసారి పెద్ద కాటా బాగుచెయ్యమని తెచ్చాడు. సరుకు తూచాక సంచి బరువు తీసేస్తారే, ఆ తరుగు కింద ఆ వ్యాపారి ప్రతి సంచికీ రెండు కిలోలు కోస్తాడని మేస్త్రికి తెలిసింది. వ్యాపారి ఎదుటే ఖాళీ గోనెసంచిని మడతపెట్టి మూడుసార్లు తూచాడు. ముప్పావు కిలో కూడా లేదు. "తరుగంటే సంచి బరువయ్యా, నీ ఆశ బరువు కాదు. నీ కాటా నేను ముట్టను, తీసుకుపో" అన్నాడు. ఆ వ్యాపారి ఇప్పటికీ ఎదురైతే పక్క వీధిలోంచి పోతాడు.

అలాంటి మనిషి నలభై నాలుగో ఏట మెల్లగా ఆగిపోయాడు.

ఫలానా రోజున అని చెప్పడానికి లేదు. మొదట కొట్టు తలుపు సగం ఎత్తడం మొదలుపెట్టాడు. తర్వాత విప్పిన కాటా ఒకటి బల్ల మీద నాలుగు రోజులు వెల్లకిలా పడుంది. తర్వాత ఎనిమిది రోజులు. ఇంట్లో మంచం చివర కూర్చుని ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని, భార్య పనికి వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నాడో సాయంత్రం వచ్చేసరికీ అలానే ఉండేవాడు. ఆవిడ ఒక పెద్ద హోటల్లో బట్టలుతికే విభాగానికి పెద్ద. రోజుకి నాలుగొందల దుప్పట్లు ఆవిడ చేతి మీదుగా పోతాయి. ఎంత మొండి మరకైనా వదిలించగలనన్న ధీమా ఆవిడది. మొగుడి మీద పడిన ఈ నీడ మాత్రం ఏ సబ్బుకీ లొంగలేదు.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండున్నరేళ్ళలో నాలుగు రకాల మాత్రలు మారాయి. మొదటిది నిద్రపుచ్చింది, రెండోది లావెక్కించింది, మూడోది నోరెండబెట్టింది, నాలుగోది పాపం ఏమీ చెయ్యలేదు. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించే ఆవిడ దగ్గరికీ వెళ్ళాడు. ఒకరోజు డాక్టరమ్మ, "నవ్వొస్తోందా అండీ ఎప్పుడైనా?" అని అడిగితే చాలాసేపు ఆలోచించి, "రావట్లేదని కాదండీ. ఎక్కడ పెట్టానో గుర్తురావట్లేదు" అన్నాడు.

అప్పుడు ఆవిడ కెటమిన్ మాట ఎత్తింది. "ఇది ఆపరేషన్లకి మత్తు డాక్టర్లు ఎప్పటినుంచో వాడే మందే. మేం చాలా తక్కువ మోతాదులో, నలభై నిమిషాల పాటు సెలైనులో నెమ్మదిగా ఎక్కిస్తాం. వారానికి రెండుసార్లు, మూడు వారాలు. మాత్రలకి లొంగనివాళ్ళలో కొందరికి తొందరగా తేడా తెలుస్తుంది. అందరికీ కాదు. తెలిసినా అలాగే నిలబడిపోదు, మళ్ళీ మళ్ళీ ఇస్తూ, మధ్యలో ఎడం పెంచుకుంటూ పోవాలి. ఎంత ఎడం అన్నది మీరిచ్చే జవాబులే చెప్పాలి."

వచ్చిన ప్రతిసారీ ఒక కాగితం నింపాలి. తొమ్మిది ప్రశ్నలు. ప్రతిదానికీ సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె వెయ్యాలి. మొత్తం ఎంత ఎక్కువైతే మనసు అంత కుంగినట్టు. ఆ రోజు మేస్త్రి మొత్తం ఇరవై రెండు.

ఆస్పత్రివాళ్ళ షరతులు మూడే. ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదు. ఆ రోజు బండి నడపకూడదు. వెంట ఒక మనిషి ఉండాలి. భార్యకి వారంలో రెండు పగళ్ళు సెలవు దొరకదు. అందుకని ఆ పని వాళ్ళింట్లోనే ఉండే మేస్త్రి అత్తగారి మీద పడింది.

అత్తగారు ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని ఊళ్ళూ ఊళ్ళూ కలిపిన మనిషి. పింఛనుతో పాటు కుడి చెవిలో కొంచెం చెవుడు కూడా ఇచ్చి పంపారు. "ఆ చెవి ఉద్యోగానికి ఇచ్చేశాను. ఈ చెవి ఇంటికి" అనేది ఆవిడ ఎడమ చెవి తడుముకుంటూ. అందుకే బస్సులో ఎప్పుడూ అల్లుణ్ణి తన ఎడమ పక్కనే కూర్చోబెట్టుకునేది.

మొదటిరోజు మత్తుమందన్న మాట విని నర్సుతో, "మా అల్లుడుగారు మూడేళ్ళుగా మత్తులోనే ఉన్నారమ్మా. మీరు కాస్త దించే మందు ఏదైనా చూడండి" అంది. నర్సు నవ్వాపుకుంటూ రక్తపోటు పట్టీ బిగించింది.

వెనక్కి వాలే కుర్చీ, సగం వేసిన పరదా, చేతికి సూది, వేలికి ఒక క్లిప్పు. మందు ఎక్కుతుంటే ముందు చేతులు దూరం జరిగాయి. తర్వాత గది జరిగింది. కప్పు మీది ఫ్యాను ఎవరిదో వేరేవాళ్ళ ఇంట్లో తిరుగుతున్నట్టు తిరిగింది. తన బరువు తనకి తెలియడం మానేసింది. తూచడానికి ఏమీ లేని చోట ఉత్త పళ్ళెం ఎలా నిలబడుతుందో అలా ఉన్నాడు. భయం వెయ్యలేదు. వెయ్యనందుకు ఆశ్చర్యం మాత్రం వేసింది.

అయ్యాక అరగంటకి అత్తగారిని లోపలికి రానిచ్చారు. "లైన్లోకొచ్చారా అల్లుడుగారూ?"

"వచ్చినట్టే ఉన్నానత్తయ్యా. కానీ కాళ్ళు పక్కింట్లో ఉన్నట్టున్నాయి."

"వాడుకుని ఇచ్చేస్తార్లెండి. తొందరేముంది."

మొదటి రెండుసార్లూ వికారం తప్ప పెద్ద తేడా తెలియలేదు. మూడోసారి వెళ్ళొచ్చిన మర్నాడు సాయంత్రం భార్య డాబా మీద ఆరేసిన దుప్పటి తెచ్చి, అలవాటుగా ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి ఒక్కతే మడతపెట్టబోయింది. మేస్త్రి కుర్చీలోంచి లేచి వెళ్ళి రెండో అంచు పట్టుకున్నాడు. రెండు మూలలూ కలిపి, ఎదురు నడిచి ఆవిడ చేతికి అందించాడు. "నీ వైపు అరంగుళం ఎక్కువుంది" అన్నాడు. అంతే. ఆవిడ ఆ దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చిన ఏడుపుకి అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఆ రాత్రి భార్య ఫోనులో చుట్టాలందరికీ కబురు చెప్పింది. "నాకు వంక పెట్టారే! అరంగుళం వంక పెట్టారే!" అని.

ఆరుసార్లు పూర్తయ్యేసరికి కాగితం మీద మొత్తం ఆరుకి దిగింది. కొట్టు తలుపు పూర్తిగా లేచింది. వెల్లకిలా పడున్న కాటా లేచి కూర్చుంది. ఆస్పత్రికి వెళ్ళే దారిలో పళ్ళ కొట్టు దగ్గర ఆగి, వేలాడే కాటా ముల్లు సున్నా మీద నిలబడలేదని పళ్ళాయన్ని తిట్టడం కూడా మొదలైంది. "ఖాళీ పళ్ళెం యాభై గ్రాములు చూపిస్తోంది. ఏం అమ్ముతున్నావయ్యా, గాలా?" పళ్ళాయన అతను కనబడగానే మర సరిచేసినట్టు నటించేవాడు. అత్తగారికి అదొక వినోదం.

ఆ తర్వాత ఎడం పెంచారు. వారానికొకసారి. తర్వాత రెండు వారాలకి. అక్కడ మొదలైంది మేస్త్రి చేసిన పొరపాటు.

వారం ఎడంలో బాగానే ఉన్నాడు. రెండు వారాల ఎడంలో తొమ్మిదో రోజుకో పదో రోజుకో పాత నీడ గడప దాకా వచ్చి నిలబడేది. మేజోడు మళ్ళీ చేతిలో ఉండిపోయేది. కాగితం ముందు కూర్చున్నప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. తను పుట్టుకతోనే కాస్త ముభావపు మనిషి. ఉయ్యాల్లోనే నిట్టూర్చేవాడని వాళ్ళమ్మ చెప్పేది. మరి ఈ దిగులులో జబ్బు ఎంత, తన స్వభావమనే డబ్బా ఎంత? సరుకు తూచేటప్పుడు డబ్బా బరువు తీసెయ్యాలి కదా. లేకపోతే డాక్టరమ్మకి తప్పుడు తూకం ఇచ్చినట్టు కాదూ? అలా నిజాయితీగానే ఆలోచించి, రెండు అంకెలు తీసేశాడు. ఏడు రావలసింది ఐదు వచ్చింది.

డాక్టరమ్మ సంతోషించింది. భార్య సంతోషించింది. తర్వాతి సారి పదకొండు రావలసింది, ఆరు అంకెలు తీశాడు. మళ్ళీ ఐదు. ఎడం మూడు వారాలైంది. మూడు వారాల చివర్లో పదహారు రావలసింది నాలుగు వేశాడు.

అప్పటికి అది డబ్బా బరువు కాదని అతనికీ తెలుసు. తెలిసినా చెయ్యి ఆగలేదు. నాలుగు రకాల మాత్రలు అయిపోయాయి. ఈ మందూ నిలబడటం లేదని చెబితే ఇక మిగిలిందేమిటి? ఈ తలుపు కూడా మూసుకుంటే ఏ తలుపు దగ్గర నిలబడాలి? పైగా దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చిన మనిషి ఉందే, ఆవిడకి ఏం చెప్పాలి? మందు మంచిదే, అరిగిపోయింది నేనే, అనుకున్నాడు. ఆ మాట అనుకున్నాక రాత్రిళ్ళు ఇంకా చెడ్డ మాటలు దాని వెనకే వరసకట్టాయి. తను లేకపోతే ఇంట్లోవాళ్ళకి సుఖమేమోనన్న మాట అందులో ఒకటి. అదెవరికీ చెప్పలేదు.

మళ్ళీ మూడు వారాలు గడిచి ఆస్పత్రి రోజు వచ్చింది. అంతా బాగుంటే ఈసారి నుంచి నెలకొకసారి చాలంది డాక్టరమ్మ. భార్య పొద్దున్న పనికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "నెలకొకసారంటే ఇక అయిపోయినట్టేగా?" అంది. "ఆఁ" అన్నాడు. అత్తగారు చెప్పులు వేసుకుంటూ ఎడమ చెవి అటు తిప్పింది.

పళ్ళ కొట్టు ముందు నుంచి నడిచారు. కాటా ముల్లు సున్నాకి ఇటు పక్కన, వంద గ్రాముల దగ్గర హాయిగా నిద్రపోతోంది. మేస్త్రి దాని వంక చూశాడు. చూసి, వెళ్ళిపోయాడు.

పళ్ళాయన వెనక నుంచి కేకేశాడు. "మేస్త్రిగారూ! ఇవాళ తిట్టరా?"

"తర్వాత" అన్నాడు మేస్త్రి.

"తర్వాతంటే ఎప్పుడండీ? మీ కోసమే పొద్దుట్నుంచీ సరిచెయ్యకుండా ఉంచా!"

అత్తగారు నవ్వింది కానీ ఆ నవ్వు బస్సెక్కేసరికి ఆగిపోయింది.

ఆస్పత్రి వసారాలో నర్సు కాగితం, కలం ఇచ్చి వెళ్ళింది. మేస్త్రి చొక్కా జేబు తడుముకున్నాడు. కళ్ళద్దాలు లేవు. నిజంగానే ఇంట్లో మరిచిపోయాడు. కాగితం దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి.

"ఇటివ్వండి. నేను చదువుతా, మీరు అంకె చెప్పండి" అంది అత్తగారు.

"వద్దత్తయ్యా, సిస్టరుని పిలుద్దాం."

"సిస్టరుకి పనుంది. నాకు లేదు." ఆవిడ కలం మూత తీసి, కుర్చీ కాస్త తిప్పుకుని, ఎడమ చెవి అతని నోటికి ఎదురుగా వచ్చేలా కూర్చుంది. గొంతు మారిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు తీగల మీద నడిచిన గొంతు అది, తొందరా లేదు, చుట్టరికమూ లేదు. "ఒకటో ప్రశ్న. పనుల మీద ఆసక్తి గానీ సరదా గానీ లేకపోవడం. సున్నా అంటే అస్సలు లేదు. మూడంటే దాదాపు రోజూ."

"సున్నా."

కలం కదల్లేదు. "మళ్ళీ చెప్పండి. సరిగా వినపడలేదు."

"సున్నా అత్తయ్యా."

"లైన్లో గరగరగా ఉంది. ఇంకొక్కసారి."

మేస్త్రి తల తిప్పి ఆవిడ మొహం చూశాడు. అందులో కోపం లేదు, జాలి లేదు. కాల్ కలిసేదాకా కూర్చోగల మనిషి మొహం అది. ఎంతసేపైనా కూర్చుంటుంది. వసారా చివర ఎవరో బండి తోసుకెళ్తున్న చప్పుడు. ఒక చక్రం కీచుమంటోంది. మూడోసారి ఏం చెబుతుందో కాటా, తను వీధంతటికీ చెప్పి నవ్వించిన మాటే.

"రెండు" అన్నాడు.

"రెండు" అంది ఆవిడ, వేసింది. "రెండో ప్రశ్న."

అక్కణ్ణించి ఆవిడ ఒక్కోదానికీ ఒక్కసారే అడిగింది. నిద్ర, మూడు. నీరసం, రెండు. తనంటే తనకి చిరాకు, మూడు. ఆవిడ అంకె తిరిగి చెబుతుంది, వేస్తుంది, తర్వాతిదానికి వెళ్తుంది. మధ్యలో నిట్టూర్పు లేదు, అయ్యో లేదు. తొమ్మిదో ప్రశ్న చదివేటప్పుడు మాత్రం గొంతు కాస్త తగ్గించింది. ఇంకెవరికీ వినపడకూడదని. "చచ్చిపోతే బాగుండునని, లేదా తనకి తాను హాని చేసుకోవాలని అనిపించడం."

ఆవిడ మళ్ళీ అడగలేదు. ఎదురుచూసింది.

"ఒకటి" అన్నాడు. "కొన్ని రోజులు. హాని కాదు. నేను లేకపోతే బాగుండును అని అంతే."

"ఒకటి" అంది అత్తగారు. వేసింది. అన్నీ కూడి అడుగున పదిహేడు రాసింది. కలానికి మూత పెట్టింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఆవిడ చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. "ఎన్నాళ్ళుగా బాబూ?" అంది.

పెళ్ళైన పందొమ్మిదేళ్ళలో ఆవిడ అతన్ని బాబూ అని పిలవడం అదే మొదలు.

డాక్టరమ్మ గదిలో మేస్త్రి తనే మొదలుపెట్టాడు. తను తప్పుగా సరిచేసిన కాటాని తనే వెనక్కి తెచ్చుకున్నట్టు, తేదీల వారీగా చెప్పాడు. ఏడుకి ఐదు, పదకొండుకి ఐదు, పదహారుకి నాలుగు. ఎందుకు తీశాడో కూడా చెప్పాడు, డబ్బా సంగతి, ఇదే ఆఖరి తలుపన్న భయం.

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది. ముందు తొమ్మిదో ప్రశ్న గురించే అడిగింది. సూటిగా, నెమ్మదిగా, ఏదీ దాటవెయ్యకుండా. ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన ఉందా, ఎప్పుడు వస్తుంది, వచ్చినప్పుడు ఎవరికి చెబుతారు. ఎవరికీ చెప్పలేదని అంటే, "ఇక నుంచి చెబుతారు. ఇదిగో ఈ నంబరుకి, ఏ వేళైనా. ఇంట్లో ఇద్దరికీ" అని ఒక చీటీ రాసిచ్చింది. తర్వాతే తూకాల మాటకి వచ్చింది.

"డబ్బా బరువు ఎంతో ఎలా తెలిసింది మీకు?"

"నేనే అనుకున్నానండీ. చిన్నప్పటినుంచీ ఉన్నదే కదా అని."

"నాకు మీ పని తెలీదు. తెలీక అడుగుతున్నా. డబ్బా బరువు తెలియాలంటే ఏం చేస్తారు?"

"ఖాళీ చేసి తూస్తాం."

"మరి మీరెప్పుడైనా ఖాళీ అయ్యారా?"

మేస్త్రి ఆలోచించాడు. గోడ మీద గడియారం వంక, నేల వంక చూశాడు. "ఒకసారి అయ్యానండీ. మూడోసారి మందెక్కించుకున్న మర్నాడు. దుప్పటి మడతపెట్టాం."

"ఆ రోజు ఎంత బరువున్నారు?"

అతనికి ఆ పూట గుర్తొచ్చింది. ఆ రోజు డాబా మెట్లు దిగి వచ్చిన గాలి, దుప్పటి మూలలు సరిగ్గా కలిసినప్పటి చిన్న తృప్తి, అరంగుళం. ఆ రోజు అతను ముభావపు మనిషి కూడా కాదు. "తేలిగ్గానే ఉన్నానండీ" అన్నాడు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"అయితే మీ డబ్బా తేలికైనదే. మిగిలిందంతా జబ్బే. అది నాకు పూర్తిగా కావాలి, గ్రాము కూడా తియ్యకుండా."

పక్కన కూర్చున్న అత్తగారు ఇక ఆగలేకపోయింది. "పాత ఇనుము కొట్టువాణ్ణి రెండు కిలోల తరుక్కి అంత తిట్టారు కదా. మీరు పన్నెండు కోశారు."

"అత్తయ్యా..."

"వాడు పరాయివాళ్ళ దగ్గర కోశాడు. మీరు మీ దగ్గరే. వాడే నయం."

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి ఉన్నదున్నట్టు చెప్పింది. మందు పనిచెయ్యడం మానలేదు, ఎడం ఎక్కువైంది, అది తప్పుడు లెక్క మీద పెరిగింది. మళ్ళీ వారానికొకసారికి వెళ్దాం. రక్తపోటు, మూత్రం పరీక్షలు ఎప్పటిలాగే చూస్తుంటాం. ఎన్నాళ్ళు ఇవ్వాలో, ఎప్పటికి ఎడం నిలబడుతుందో ఇప్పుడే చెప్పలేను. నిలబడకపోతే ఇంకా మార్గాలున్నాయి, ఇదే ఆఖరి తలుపు అని ఎవరన్నారు? "నేను మాత్రం అనలేదు" అంది. మేస్త్రికి ఆ మాట బస్సు దిగేదాకా చెవిలో ఉంది.

సాయంత్రం ఆరింటికి భార్య వచ్చింది. ఒళ్ళంతా ఆవిరి వాసన, వేళ్ళ చివర్లు నానిపోయి ముడతలు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి అక్కర్లేని గిన్నెలు కూడా తోమడం మొదలుపెట్టింది. గదిలో వాళ్ళిద్దరికీ చోటివ్వడానికి ఆవిడకి తెలిసిన పద్ధతి అది.

మేస్త్రి చెప్పాడు. మొత్తం చెప్పాడు, తొమ్మిదో ప్రశ్నతో సహా. నంబరు చీటీ చేతికిచ్చాడు.

ఆవిడ చీటీ మడతపెట్టి పిడికిట్లో పట్టుకుంది. "అయితే ఆ దుప్పటి? అదీ అబద్ధమేనా?"

"కాదు. అది అసలు తూకం."

"మరి మిగతావి ఎందుకండీ?"

"నువ్వు మళ్ళీ ఏడుస్తావని."

"ఏడిస్తే?" ఆవిడ గొంతు లేచింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "రోజుకి నాలుగొందల దుప్పట్లు ఆరబెడతానే, నా రెండు కళ్ళు నేను ఆరబెట్టుకోలేనా? ఇంట్లో మనిషి మునిగిపోతుంటే నేను ఒడ్డున కూర్చుని అందరికీ ఫోన్లు చేసుకుంటున్నానా? ఎంత వెర్రిదాన్ని చేశారండీ నన్ను!" అని, నిజంగానే ఏడ్చింది. ఈసారి దుప్పటి లేదు. మేస్త్రి పక్కనే నిలబడ్డాడు. ఆపమనలేదు, తను ఏమీ సర్దిచెప్పలేదు.

కొంతసేపటికి ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "డబ్బా బరువు తీసేశారట. పెళ్ళిలో నన్నెవరైనా అడిగారా, డబ్బా తీసేసి ఇమ్మంటావా అని? డబ్బాతో సహానే తెచ్చుకున్నా. ఇకనుంచి నాకు రోజూ చెప్పాలి. డబ్బాతో సహా."

"రోజూనా?"

"మూడుపూటలా!"

వంటింట్లో గిన్నెలు మళ్ళీ మోగాయి.

వారం గడిచింది. ఆ వారంలో ఒక రోజు బాగుంది, రెండు రోజులు బాగాలేదు, మిగతావి మధ్యస్థం. ప్రతి సాయంత్రం భార్య గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఇవాళ మొత్తం ఎంతని అడిగేది. ఒకరోజు "పద్నాలుగు" అంటే మొహం వాడింది. ఆ రోజు అతని పక్కనే కూర్చుని ఇద్దరూ మేజోళ్ళు జతపరిచారు. ఒకటి ఎప్పట్నుంచో ఒంటిదని తేలింది.

శుక్రవారం మళ్ళీ ఆస్పత్రికి బయల్దేరారు. పళ్ళ కొట్టు దగ్గర మేస్త్రి నడక కాస్త నెమ్మదించింది. ముల్లు వంక చూశాడు. పళ్ళాయన ఆశగా నిలబడ్డాడు.

"ఇరవై గ్రాములు" అన్నాడు మేస్త్రి.

"అంతేనా? తిట్టరా?"

"ఇవాళ ఇంతే వచ్చింది. మళ్ళీ వారం చూద్దాం."

"ఇరవై గ్రాముల తిట్టు! సరే, ఇదైనా మిగిలింది" అని పళ్ళాయన మర సరిచేశాడు. ఈసారి నిజంగానే.

వసారాలో నర్సు కాగితం ఇచ్చి వెళ్ళింది. మేస్త్రి చొక్కా జేబు తడుముకున్నాడు. తడిమి, "అద్దాలు మరిచిపోయాను అత్తయ్యా" అన్నాడు.

జేబులో కళ్ళద్దాల డబ్బా ఎత్తుగా కనబడుతూనే ఉంది. అత్తగారికి కుడి చెవి లేదు గానీ రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. ఆవిడ ఆ ఎత్తు వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత కుర్చీ తిప్పుకుని, కలం మూత తీసి, ఎడమ చెవి అతని వైపు పెట్టింది.

"చెప్పండి అల్లుడుగారూ, లైన్లోనే ఉన్నాను. ఒకటో ప్రశ్న."